దాలమ్మ అలుపు

సేవకి వెళ్ళినవాళ్ళు ఆ ఊళ్ళో మంచినీళ్ళైనా ముట్టకూడదు. ఇది నా రూలు. ఎవరి సీసా వాళ్ళు పట్టుకెళ్ళాలి, ఎవరి టిఫిన్ డబ్బా వాళ్ళు బస్సులోనే ఖాళీ చేసుకోవాలి. "చెయ్యడానికి పోతున్నారు, చేయించుకోవడానికి కాదు, గుర్తుందా?" అని ఏటా మొదటి క్లాసులోనే గొంతు చించుకుంటాను. పిల్లలు చాటున నన్ను రూళ్ళకర్ర అంటారు. అనుకోనీండి, నాకేం!

మా విశ్వవిద్యాలయంలో ఊళ్ళకి వెళ్ళి సేవచేస్తే మార్కులిచ్చే కోర్సు ఒకటుంది. ఏళ్ళ తరబడి నేనే నడుపుతున్నాను. చాలాచోట్ల ఇలాంటి కోర్సంటే చీపురు పట్టుకుని ఫొటో దిగి, మొక్క నాటి, సమోసా తిని తిరిగి రావడం. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ కష్టం మన పిల్లలు ఒక్క పూటైనా నిజంగా మొయ్యాలి కదా అని ఇంట్లో రోజూ సణిగేదాన్ని. మావారు భానోజీగారు అక్కడే నాడీశాస్త్రం ల్యాబులో పనిచేస్తారు. నా సణుగుడు భరించలేకే ఆ పట్టీ కనిపెట్టానని ఆయన అందరికీ చెప్పుకుంటారు.

పట్టీ అంటే జత. భుజానికి ఒకరొకటి కట్టుకుని మీట నొక్కితే, ఒకరి ఒంట్లోని అలసట రెండోవారి ఒంట్లోకి వెళ్ళిపోతుంది. మాయమైపోదు, చోటు మారుతుంది, అంతే.

మొదట దాన్ని మా ఇద్దరిమీదే పరీక్షించుకున్నాం. నేను క్లాసులు చెప్పి ఈడ్చుకుంటూ ఇంటికొస్తే నా అలసట ఆయన తీసుకునేవారు. మర్నాడు ఆయనది నేను. వరసగా రెండుసార్లు ఆయన్ని తీసుకోనిస్తే నా పరువేం కాను? "ఇవాళ మీ వంతయింది, రేపు నాది" అని పంతం. రాత్రి పడుకుని పొద్దున్న లేచేసరికి ఇద్దరికీ ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఎవరి అలసటైనా సరే, ఒక నిద్రతో పోతుందని తేల్చుకున్నాం.

పిల్లల చేతికి ఇచ్చేముందు మాత్రం ఒక మార్పు చేయించాను. ఆ మాటకొస్తే అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ కన్నా ముందు నేనే పట్టుబట్టాను.

"పేదవాళ్ళ అలసట మన పిల్లలకి రావాలిగానీ, మన పిల్లలది వాళ్ళమీద పడకూడదు. అటు దారి మూసెయ్యండి" అన్నాను.

"మనం పరీక్షించింది రెండువైపులా నడిచే పట్టీని, విశాలా" అన్నారు ఆయన.

"అందులో సగం మూస్తే కొంప మునిగిపోతుందా?"

ఆయన సైకిల్ ట్యూబుకి ఉండే వాల్వులాంటిది ఒకటి బిగించి ఇచ్చారు.

*

కొఠారువలస సముద్రానికీ రైలుకట్టకీ మధ్య ఉంటుంది. ఊరి ఆడవాళ్ళందరికీ ఉప్పు మళ్ళలోనే పని. ఎండ ఎంత కాస్తే ఉప్పు అంత పండుతుంది కనక, లోకమంతా నీడ వెతుక్కునే వేళకి వీళ్ళు మడిలోకి దిగుతారు. చెక్కపలకతో ఉప్పు గట్టుకి లాగాలి, తట్టలకెత్తాలి, నెత్తిన మోసుకెళ్ళి గుట్ట పొయ్యాలి. సాయంత్రం వాళ్ళు ఇల్లు చేరేవేళకి మా బస్సు వెళ్ళేది.

దాలమ్మకి యాభై దాటాయి. మాట పెళుసు, నవ్వు పెద్దది. ఆమెకి జతగా పడిన పిల్ల అన్విత. రాజాం నుంచి వచ్చిన రెండో ఏడాది విద్యార్థిని. మాటలు తక్కువ, మార్కులు ఎక్కువ.

"ఏటి గుంటా, రడీయేనా?" అని భుజం చాపింది దాలమ్మ మొదటిరోజు.

"రెడీ పిన్నీ."

మీట నొక్కగానే దాలమ్మ మెడ నిటారుగా లేచింది. అన్విత అరుగు పట్టుకుని మెల్లిగా కూలబడింది.

"అమ్మో... నడుం... పిన్నీ, రోజూ ఇలాగే ఉంటుందా?"

"ఇయ్యేల నయిమే! నిన్నయితే తట్టలు మరీ ఎక్కువ." దాలమ్మ చేతులు విదిలించి చూసుకుంది. "ఓలమ్మో, ఒళ్ళు గాల్లో తేలిపోతంది! పెళ్ళికి ముందెప్పుడో ఇలాగుండీది." లోపలికి వెళ్ళి చెంబుతో రాగిపిండి కాచిన చోడంబలి తెచ్చింది. "ఇదుగో, గుక్కెడు తాగు. సత్తువొస్తాది."

అన్విత నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగింది. దాలమ్మ చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. రూలు తప్పలేదని అన్వితని చూసి నేను మురిసిపోయాను కూడా.

అలా సీజనంతా నడిచింది. మిగతా పిల్లలు జ్వరమనో ఊరికెళ్ళాలనో మధ్యమధ్యలో ఎగ్గొట్టారు. అన్విత ఒక్క సాయంత్రమూ మానలేదు. కొఠారువలస ఆడవాళ్ళు పొద్దుగూకే వేళ అరుగులమీద అష్టాచెమ్మా ఆడుకోవడం చూసి నేను పొంగిపోయాను. పిల్లల ముఖాలు పీక్కుపోవడమూ చూశాను. రోజూ మోస్తున్నారు కదా, పీక్కుపోక ఏమవుతాయి, కోర్సవగానే కోలుకుంటారు అనుకున్నాను.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు దాలమ్మ అన్విత గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పింది.

"ఏటే గుంటా, మొకం అలాగైపోనాది?"

"పరీక్షలు పిన్నీ."

"అయితే ఇయ్యేల తిరగేసి కడదాం. నీ అలుపు ఇటు తోసీ. ఇన్నాళ్ళూ నాది నువ్వు మోసినావు గదా, నీది నాను మోస్తాను."

"కుదరదు పిన్నీ. రూలు."

దాలమ్మ నావైపు తిరిగింది. నేను అవునన్నట్టు తలూపాను. ఆమె భుజం మీది పట్టీ విప్పి నా చేతిలో పెట్టేసింది.

"ఇది మీకాడే ఉంచండి మేడంగారూ. నానింక కట్టుకోను."

ఎంత మొండిమనిషి అనుకున్నాను. ఎలాగూ కోర్సు అయిపోవచ్చింది. అందరి పట్టీలూ పోగుచేసుకుని వచ్చేశాం.

*

అసలు సంగతి అప్పుడు బయటపడింది. పట్టీలు విప్పేసినా పిల్లల అలసట తగ్గలేదు. కొత్త అలసట చేరడం ఆగాక గానీ, పాతది కదలడం లేదని మాకు తెలియలేదు.

నేను హాస్టలుకి వెళ్ళేసరికి అన్విత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పుస్తకం పక్కనే తెరిచి ఉంది. నన్ను చూసి లేవబోయి, మోచేయి నిలవక మళ్ళీ పడిపోయింది.

"నిద్రపోతూనే ఉన్నాను మేడం. ఎంత పడుకున్నా లేచేసరికి అలాగే ఉంటోంది. నెత్తిమీద తట్ట దించనట్టే ఉంది."

ఆ పిల్లని చక్రాల కుర్చీలో ల్యాబుకి తీసుకెళ్ళాం. భానోజీగారు అలసట కొలిచే యంత్రం ముందు చాలాసేపు కూర్చున్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే శుభం కాదు.

"ఇందులో ఈ పిల్ల అలసట కొంచెమే. మిగతాదంతా దాలమ్మది. మొదటిరోజుతో సహా ఒక్క పిసరు కూడా కరగలేదు."

"మనకి కరిగిందిగా!"

"అదే నాకూ అర్థం కావడం లేదు. మిగతా పిల్లలకీ ఇంతే. వాళ్ళు తక్కువ మోశారు కాబట్టి తిరగగలుగుతున్నారు. ఇలాగే పడుకుని ఉంటే ఈ పిల్ల కాళ్ళు చచ్చుబడిపోతాయి."

"వాల్వు తిప్పి దాలమ్మకి వెనక్కి పంపేస్తే?"

"ఇన్ని వారాలదీ ఒక్కసారి పడితే ఆ వయసుకి గుండె ఆగుతుంది. కొంచెం కొంచెంగా పంపుదామంటే ఏడాది పడుతుంది. అప్పటిదాకా ఈ పిల్ల ఆగలేదు."

అన్విత అన్నీ వింటోంది. "సోమవారం పరీక్ష సర్" అంది, అదొక్కటే మిగిలినట్టు.

వాళ్ళ నాన్న కృష్ణమూర్తిగారు రాజాం నుంచి వచ్చారు. జనపనార మిల్లులో పనిచేసే సన్నటి మనిషి. బత్తాయిల సంచి కూతురి తలదగ్గర పెట్టి, వరండాలో బల్లమీద కూర్చున్నారు. నేను జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఆయన వింటూ చేతులు చూసుకున్నారు. ఒక్క మాట గట్టిగా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది, నాకు అక్కడ నిలబడటమే కష్టమైపోయింది.

*

దాలమ్మకి చెప్పకుండా ఉండలేక కొఠారువలస వెళ్ళాను. వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏటి మేడంగారూ, బస్సు నేకండా వొచ్చినారు? సీసా తెచ్చుకున్నారా?"

ఆ దెప్పు నాకు తగిలింది. "కోపమొచ్చిందా దాలమ్మా నామీద?" అన్నాను.

"రాదేటి మరి!" చేప ఠపీమని చాపమీద వేసింది. "నాట్లకి మేం ఒకరి మడిలోకొకరం ఎల్తాం. ఇయ్యేల మీ మడి, రేపు మా మడి. దాన్నే బదులంటాం. కలిగినోడైనా నేనోడైనా బదులు పుచ్చుకోవాల్సిందే. ఒద్దన్నాడంటే నువ్వు నా సాటిదానివి కావు అన్నట్టే. ఆ గుంట నా నడుం నొప్పి పట్టుకుపోయి, నా ఇంట అంబలి ఒద్దంది. దాని అలుపు నాకియ్యే అంటే రూలంది. నాను ముష్టిదాన్నేటి?"

అరుగుమీద కూర్చుని అన్విత సంగతి చెప్పాను. వింటూ వింటూ ఆమె చేపలు వదిలేసి లేచి నిలబడింది.

"లెగలేకపోతందా? నా అలుపుతోనా? మరి అప్పుడే సెప్పరేటి! తెండి ఆ పట్టీ, నాది నాకిచ్చీండి."

"నీకు ప్రమాదం, దాలమ్మా."

"పేణం పోద్దా?"

"పోవచ్చు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్ళవైపు కాసేపు చూసింది.

"అయినా తెండి" అంది.

నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ ఊళ్ళోనూ నేను ఏడవలేదు, అదీ ఒక రూలే. దాలమ్మ నా వీపు నిమిరింది.

తిరుగు బస్సులో ఆమె మాటలే చెవిలో తిరిగాయి. ఇయ్యేల మీ మడి, రేపు మా మడి. రైలుగేటు దగ్గర బస్సు ఆగినప్పుడు, మా ఇంట్లో మేం పోట్లాడుకున్న మాట గుర్తొచ్చింది. వెంటనే ఫోను తీశాను.

"ఏమండీ, మనిద్దరిదీ ఎందుకు కరిగిందో తెలిసింది. మనం వంతులేసుకున్నాం!"

"ల్యాబుకి రా" అని మాత్రం అన్నారు.

ఆయన ల్యాబు అటెండరు సింహాచలాన్ని కూర్చోబెట్టుకుని పట్టీ కట్టుకున్నారు. మొదట ఒకవైపు. మర్నాడు ఆయన వంగిపోయి లేచారు, సింహాచలం బరువు కదలలేదు. ఆ పగలు వాల్వు తీసేసి తన అలసట కొంత సింహాచలానికి ఇచ్చారు. మధ్యాహ్నం ఒక కునుకు తీసి లేచి, కాఫీ అడిగారు.

"ఒళ్ళు పరాయి అలసటని గుర్తుపట్టదు విశాలా. తనది కూడా కొంత అటు వెళ్తేనే, అక్కణ్ణించి వచ్చినదాన్ని కరిగించడం నేర్చుకుంటుంది. దారి మూసి మనమే నేర్చుకోనివ్వలేదు."

"మనం కాదు, నేను" అన్నాను.

వాల్వు తియ్యాలంటే కమిటీ అనుమతి కావాలి. కమిటీ కూర్చునేది వచ్చే నెల. నేను ఆగలేదు. తర్వాత వాళ్ళు నన్ను పిలిచి అడిగినవీ, కోర్సు ఆ ఏడాదికి ఆపేసినదీ వేరే సంగతి. ఉద్యోగం ఊడినా సరేననుకునే ఆ పని చేశాను.

*

మర్నాడు పొద్దున్నే అన్వితని కారులో పడుకోబెట్టి తీసుకెళ్ళాం. ముందు సీట్లో కృష్ణమూర్తిగారు. దాలమ్మ ఆ రోజు పనికి పోలేదు. వాకిట్లో చాప వేసి, చెంబుతో కాచుకుని ఉంది. అన్వితని ఎత్తి తన ఒళ్ళో ఆనించుకుంది.

"ముందు ఇది తాగు."

అన్విత అలవాటుగా నావైపు చూసింది.

"తాగమ్మా" అన్నాను.

ఆ పిల్ల రెండు చేతులతో చెంబు పట్టుకుని అంబలి ఆఖరి గుక్క దాకా తాగింది. దాలమ్మ ముఖంలో కోపం అప్పుడు పోయింది. భానోజీగారు పట్టీలు కట్టారు. జరగబోయేది దాలమ్మకి మళ్ళీ ఒకసారి చెప్పారు: "దీని సొంత అలసట నీకు కాస్త వస్తుంది, నీ పాతది వెనక్కి రాదు. రెండువైపులా నడిస్తేనే రెండూ కరుగుతాయి. ఒకవైపే అయితే కరగదు."

"సదువుకునే గుంటకి అలుపెంతుంటాది బాబూ! తోసీండి" అని నవ్వింది దాలమ్మ.

మీట నొక్కారు. నవ్వు అలాగే ఆగిపోయింది. గుండెమీద చెయ్యి వేసుకుంది.

నేను కంగారుగా ముందుకొచ్చాను. "దాలమ్మా, నొప్పా? ఆపేద్దామా?"

"నొప్పి కాదు..." ఆమె చుట్టూ చూసింది. "ఓలమ్మో, ఇదేటే గుంటా? కాళ్ళూ సేతులూ బాగానే ఉన్నాయి. ఎనకాల ఎవులో తరుముతున్నట్టుంది. ఆగితే పట్టీసుకుంతారన్నట్టు. ఇది పెట్టుకునా నా తట్టలు కూడా మోసినావు?"

అన్విత కళ్ళనిండా నీళ్ళు.

"ఎవులే తరుముతున్నాది? నాయన కొడతాడేటి?"

"కొట్టరు పిన్నీ." కళ్ళు తుడుచుకుంది. "ఏమీ అనరు. ఎన్ని మార్కులొచ్చినా ఏమీ అనరు. బాగున్నాయో బాగాలేవో కూడా అనరు."

కృష్ణమూర్తిగారు గుమ్మం పక్కనే నిలబడి ఉన్నారు. విన్నారు. ముఖం ఉప్పుగుట్టలవైపు తిప్పేసుకున్నారు.

అన్విత కళ్ళు వాలిపోయాయి. దాలమ్మ ఒళ్ళోనే నిద్రపోయింది. హాస్టల్లో చూసిన నిద్రలా లేదు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురక పెట్టింది. భానోజీగారు ల్యాబు నుంచి తెచ్చిన యంత్రంవైపు చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "కరుగుతోంది" అన్నారు. నేను అక్కడే చతికిలపడ్డాను. దాలమ్మ కోడలు నీళ్ళ చెంబు తెచ్చింది. సీసా నా సంచిలోనే ఉంది. ఆ చెంబు పుచ్చుకుని గడగడా తాగాను. కాస్త ఉప్పగా ఉన్నాయి ఆ ఊరి నీళ్ళు. ఇన్ని నెలలు ఆ ఊరికి వచ్చీ నాకా సంగతి తెలియదు.

పొద్దు వాలేవేళకి అన్విత లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నిలబడి, నాలుగడుగులు వేసి చూసుకుంది.

"ఆకలేస్తోంది" అంది.

దాలమ్మ మాత్రం గోడకానుకుని తలపట్టుకుని కూర్చుంది. "పరీచ్చ ఎప్పుడన్నావే?"

"సోమవారం పిన్నీ."

"సోమారమా! నాకు గుండె దడదడలాడిపోతంది. ఏటీ సదవనేదు గదే!"

అరుగులమీది ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. అన్విత కూడా నవ్వింది. నేను ఆ పిల్ల నవ్వు చూడటం అదే మొదలు.

అప్పుడు కృష్ణమూర్తిగారు వచ్చి దాలమ్మ ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఆ పట్టీ ఇలా ఇస్తావా అమ్మా? దాని భయం నువ్వు మోశావు. మిగిలింది నేను తీసుకుంటాను."

దాలమ్మ పట్టీ విప్పింది. ఇవ్వబోయి ఆగింది.

"తీసుకోడమే అయితే కరగదంట బాబూ. ఇన్నారు గదా? నీది కూడా దానికియ్యాల."

"నాదా?" ఆయన కంగారుపడ్డారు. "నాది దానికెందుకమ్మా? మిల్లులో రాత్రి డ్యూటీలు, నా తంటాలేవో నావి. అవన్నీ దానికి తెలియకూడదనే కదా ఇన్నాళ్ళూ..."

అన్విత వచ్చి ఆయన ఎదురుగా చాపమీద కూర్చుంది. రెండో పట్టీ ఇంకా ఆ పిల్ల భుజానికే ఉంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, వాళ్ళ నాన్నకి పట్టీ తనే కట్టింది.

"ఇవ్వండి నాన్నా" అంది.